శ్రీరంగపట్నం గోడ మీద మన నిజాం

ఎండకాలం సెలవులు రాంగనే మనోళ్లు చాలామంది మైసూరు తొవ్వ పడ్తరు. ప్యాలెస్, చాముండి కొండ, జూ, పొద్దుగూకినంక బృందావన్ తోటల రంగు రంగుల ఫౌంటెన్లు. బెంగళూరు నుంచి పోతుంటే మైసూరు ఇంకో పదిహేను కిలోమీటర్లు ఉందనంగ శ్రీరంగపట్నం తగుల్తది. అక్కడ బండి ఆపుకొని రంగనాథస్వామికి దండం పెట్టుకుంటరు. టైం మిగిలితే టిప్పు సుల్తాన్ వేసవి మహల్‌కు ఒక అరగంట. మేం పోయినప్పుడు గూడ మా డ్రైవర్ గదే లెక్క చెప్పిండు. "అందుల ఏం లేదు సార్, చెక్క బంగ్లా. జల్ది చూసి రాండ్రి" అన్నడు.

ఆ చెక్క బంగ్లా పేరు దరియా దౌలత్. దాని పడమటి గోడ ముంగట్నే మాకు గంట దాటింది. ఎందుకంటే ఆ గోడ మీద హైదరాబాద్ ఉంది. అది గూడ మనం గొప్పగ చెప్పుకునే తీరుగ లేదు.

ముందుగాల ఇల్లు సంగతి. శ్రీరంగపట్నం అంటే కావేరి నది రెండు పాయలుగ చీలి మళ్ల కలిసే నడుమ ఉన్న లంక. పడమర కొసకు కోట, కోటల గుడి, మసీదు, ఎన్కట టిప్పు ఉన్న రాతి మహల్. ఆ మహల్ ఇప్పుడు లేదు, గుడి ఎదురుంగ పునాదులు మాత్రం మిగిలినయ్. కోట దాటి తూర్పు దిక్కు కిలోమీటరు దూరం పోతే ఏటి ఒడ్డున తోట, తోట నడుమ ఈ ఇల్లు. 1784ల పూర్తయింది. మొదలువెట్టింది తండ్రి హైదర్ అలీ అని గూడ అంటరు. దరియా దౌలత్ బాగ్ అంటే ఏటి సంపద తోట అన్నట్టు. పేరుల ముందు ఏరుంది, ఎన్క తోట ఉంది. మహల్ అన్న మాట అండ్ల లేనే లేదు. కట్టిచ్చినోని మనసుల ఏది పెద్దదో పేరే చెప్తది.

దూరంకెల్లి చూస్తే నిజంగ ఏం లేనట్టే కనవడ్తది. సుట్టూ పెద్ద పెద్ద ఆకుపచ్చ తెరలు దించి ఉంటయ్, గోడల బొమ్మలకు ఎండ తగలకుండ. గోల్కొండ లెక్క ఎత్తు లేదు, చౌమహల్లా లెక్క షాండిలియర్లు లేవు. గని లోపటికి అడుగువెట్టంగనే ఒంటికి తెలుస్తది. బయట మే నెల ఎండ, లోపట సల్లగ. ఇల్లు ఎత్తు అరుగు మీద ఉంది, నేల వేడి సీదా పైకి రాదు. నాలుగు దిక్కుల వెడల్పు వరండా, టేకు కంబాలు. ఎండ వరండా కాడ్నే ఆగిపోతది, గోడ దాకా రాదు. రాయి పగలంత వేడి తాగి రాత్రంత కక్కుతది, కట్టె గట్ల చెయ్యదు. ఏటి మీదికెల్లి వచ్చే గాలి తోట చెట్లల్లకెల్లి జల్లెడ పట్టినట్టు వచ్చి ఒక దిక్కు దూరి ఇంకో దిక్కు పోతది. కరెంటు లేని కాలంల ఇది ఏసీ. మన ఊర్లల్ల పాత పెంకుటిండ్లు, ముంగట అరుగు, నడుమ మండువా ఉన్నయి, గదే తెలివితోని కట్టినయి. ఇప్పుడు స్లాబు ఏసి, కిటికీలు బిగిచ్చి, రెండు ఏసీలు పెట్టుకొని బిల్లు చూసి ఏడుస్తున్నం.

తోట గురించి ఒక్క మాట. గేటుకెల్లి ఇంటి దాకా సీదా తొవ్వ, రెండు దిక్కుల కత్తిరిచ్చిన పచ్చ గడ్డి, వరుసగ చెట్లు. ఫొటోలకు మంచిగుంటది. గని టిప్పు తోట గిట్లనే ఉండెననుకునేరు. చార్‌బాగ్ పద్ధతి తోట అంటే నేలను నాలుగు చౌకాలు చేసి, నడుమ నీళ్ల కాలువలు, నడిచే తొవ్వలు పెట్టి, చౌకాలల్ల పండ్ల చెట్లు, పూల చెట్లు పెంచుడు. నీడ కోసం, పండు కోసం, వాసన కోసం తోట. ఉత్త గడ్డి పరిచి చూసుకుంట కూసునే అలవాటు ఇంగ్లీషోళ్లతోని వచ్చింది. అట్లాంటి తోటలు మన హైదరాబాద్‌ల గూడ మస్తుండె. బాగ్‌లింగంపల్లి, జాంబాగ్, మూసారాంబాగ్, ఎన్ని బాగులో యాదిజేసుకోండ్రి. సిటీ బస్సు బోర్డు మీద తప్ప ఇప్పుడు బాగు ఎక్కడుంది?

ఇగ పడమటి గోడ. ఈ గోడ మీద ఉన్నది 1780 సెప్టెంబర్ 10 నాటి లడాయి. కాంచీపురం దగ్గర పొల్లిలూర్ అనే ఊరు కాడ హైదర్, టిప్పు కలిసి ఈస్టిండియా కంపెనీ ఫౌజును చుట్టుముట్టి చిత్తుగ ఓడగొట్టిండ్రు. కంపెనీకి ఈ దేశంల అప్పటిదాంక గంత పెద్ద దెబ్బ తగల్లేదు. వాళ్ల సర్దార్ కర్నల్ బెయిలీ దొరికిపోయిండు, రెండేండ్లకు శ్రీరంగపట్నంల ఖైదుల్నే సచ్చిపోయిండు.

గోడకు ఒక దిక్కు హైదర్, టిప్పు ఫౌజుతోని కదిలి వస్తుంటరు. టిప్పు చేతుల గులాబి పువ్వు, వాసన చూసుకుంట వస్తుండు. లడాయికి కాదు, పెండ్లికి పోతున్నట్టు. ఇంకో దిక్కు ఎర్ర కోట్ల సిపాయిలు నలుచదరంగ దడి కట్టి నిలవడ్డరు, నడుమ పల్లకిల బెయిలీ. దెబ్బ తగిలి నడవలేక పల్లకిల కూసుండు, వేలు నోట్లె పెట్టుకుండు. పక్కన మందుగుండు బండి పేలి మంట లేస్తది. మైసూరోళ్ల రాకెట్ల సంగతి మీరు వినే ఉంటరు. ఇనుప గొట్టంల మందు కూరి, వెదురు బొంగుకు కట్టి ఇడిసేటోళ్లు. కంపెనీ మందుగుండు బండ్లు పేలిపోవుడుతోని ఆ రోజు లడాయి తిరగవడ్డది. టిప్పు దిక్కు కొట్లాడిన ఫ్రెంచి సర్దార్ లాలీ గూడ ఉంటడు, దూరం చూసే దుర్భిణి కన్నుకు పెట్టుకొని.

బొమ్మల నీడలు లేవు, దూరం దగ్గర లెక్క లేదు. ఒకని మీద ఒకడు పేర్చినట్టు వందల మంది. తలకాయలు తెగి పడ్తుంటయ్, గుర్రాలు మాత్రం మంచిగ సింగారిచ్చుకొని నడుస్తుంటయ్. మన చేర్యాల నకాషీ బొమ్మలు చూసినోళ్లకు ఇది కొత్తగ అనిపియ్యది. కథను గుడ్డ మీద వరుస కట్టి చెప్పే పద్ధతే, ఇక్కడ గోడ మీద.

మాకు గైడ్ దొరికిండు, తెలుగు వచ్చినోడు. ఏ ఊరని అడిగిండు. హైదరాబాద్ అనంగనే నవ్విండు. గోడకు ఒక మూల వేలు చూపిచ్చి, "అగో, అది మీ నిజాం ఫౌజు సార్. లడాయి అయిపోయినంక వస్తుండ్రు. అక్కడ ఒక ఆవు, ఒక పంది ఉన్నయి చూడండి. ఆవు లెక్క వచ్చిండు, పంది లెక్క ఉరికిండు అని టిప్పు వాళ్లు ఎక్కిరిచ్చుడు" అన్నడు.

మా మామది సూర్యాపేట దిక్కు. ఆయనకు మాట నచ్చలే. "మీ నిజాం అంటవేందివయ్యా, నిజాం మీద కొట్లాడినోళ్లం మేము" అన్నడు. గైడ్‌కు ఏం సమజ్ కాలే. మామ చెప్పింది ఏడో నిజాం ముచ్చట. గోడ మీద ఉన్నది రెండో నిజాం, నిజాం అలీ ఖాన్. నడుమ నూట అరవై ఏండ్ల పైన తేడా ఉంది. గని బయటోనికి గీ తేడాలు తెల్వయి. వానికి హైదరాబాద్ అంటే నిజాం, నిజాం అంటే మనం.

మరి ఆ ఎక్కిరింపు ఎందుకొచ్చింది? దానికి మన గుంటూరు కారణం. అప్పట్ల గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతుల ఉండె. 1779ల మద్రాసు కంపెనోళ్లు నిజాంను అడగకుండ తమ్మునితోని మాట్లాడుకొని గుంటూరును కౌలుకు తీసుకున్నరు, తీసుకొని ఆర్కాట్ నవాబుకు ఇచ్చిండ్రు. నిజాంకు ఒళ్లు మండింది. హైదర్, మరాఠాలు, నిజాం కలిసి కంపెనీని నాలుగు దిక్కుల తందామని మాటలు నడిచినయ్. ఇది సూసి కలకత్తాల ఉన్న వారన్ హేస్టింగ్స్ తెలివి చేసిండు, గుంటూరును నిజాంకు మళ్ల ఇప్పిచ్చిండు. గుంటూరు చేతికి రాంగనే నిజాం సల్లవడ్డడు. హైదర్ ఒక్కడు పోయి పొల్లిలూర్ల కొట్లాడిండు. గోడ మీద ఆలస్యంగ వచ్చే ఫౌజు వెనుక ఉన్నది గిదే.

ఇప్పుడు మీరు చూసే బొమ్మ అచ్చంగ 1784 నాటిది కాదు, ఇది బోర్డు చదివి పోయేటోళ్లకు తెలువాలె. 1799 ముట్టడికి ముందే ఆ బొమ్మలను మాపేసిండ్రు. కోట పడ్డంక ఈ ఇంట్ల దిగిన ఇంగ్లీషు దొర మళ్ల బాగుచేపిచ్చిండు. తర్వాత ఎవరో సున్నం కొట్టిండ్రు, బొమ్మ దాదాపు కనవడకుండ పోయింది. 1850లల్ల డల్హౌసీ మైసూరు దిక్కు వచ్చినప్పుడు, పాత బొమ్మ ఎట్లుండెనో యాదికున్న ఒక దేశీ చిత్రకారునితోని మళ్ల గీపిచ్చిండు. అంటే తాము ఓడిపోయిన లడాయి బొమ్మను ఇంగ్లీషోళ్లే రెండుసార్లు నిలవెట్టిండ్రు. గెలిచినోనికి పాత ఓటమి అంటే భయం ఉండదు, అది గూడ తమాషాలెక్కనే కొడ్తది. ఇదే లడాయిని కాయితాల మీద గీసిన ఒక ప్రతి, పది మీటర్లకు దగ్గర పొడుగున్నది, 2022ల లండన్ సోథెబీస్ వేలంల 6,30,000 పౌండ్లకు పోయింది.

ఆ ఇంట్ల దిగిన దొర ఎవరు అంటే, అక్కడ్నే మళ్ల హైదరాబాద్ వస్తది.

కొంచెం ఎన్కకు పోవాలె. 1790ల మొదలైన లడాయిల నిజాం, మరాఠాలు కంపెనీ దిక్కు చేరిండ్రు. 1792ల కారన్‌వాలిస్ ఈ లంక మీదికి వచ్చిండు. లంక తూర్పు కొసకు టిప్పుకు లాల్‌బాగ్ అని ఇంకో తోట, మహల్ ఉండె. ఆ మహల్‌ను కంపెనోళ్లు దవాఖాన చేసిండ్రు. తోటల సర్వి చెట్లను నరికి, కోట ముట్టడికి కావలసిన కట్టె మోపులు, బుట్టలు చేసుకున్నరు. రాజు తోట రాజు కోట మీదికే పనికొచ్చింది. మార్చిల సుల నామా అయింది. టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకున్నడు. పైసలు కట్టేదాంక ఇద్దరు చిన్న కొడుకులను జామీను కింద పంపిండు. ఆ సగం రాజ్యంల నిజాం వాటాకు కడప దిక్కు వచ్చింది.

నిజాం దగ్గర అప్పట్ల ఫ్రెంచి సర్దార్ రేమండ్ తయారుచేసిన పెద్ద ఫౌజు ఉండె. మూసారాంబాగ్ అన్న పేరు ఆ మూసా రేమండ్‌దే. 1798 మార్చిల రేమండ్ సచ్చిపోయిండు, సెప్టెంబర్ల నిజాం కంపెనీతోని సంధి చేసుకున్నడు, అక్టోబర్ల ఆ ఫ్రెంచి ఫౌజు తుపాకులు గుంజుకొని ఇండ్లకు పంపిండ్రు. హైదరాబాద్ ఇగ కంపెనీ కొంగు కిందికి పోయింది. అయిదారు నెలలు తిరగకముందే హైదరాబాద్ ఫౌజు శ్రీరంగపట్నం తొవ్వల ఉంది. ఫౌజుకు పేరుకు పెద్ద మీర్ ఆలం. దాంతోని తన పల్టన్ కలుపుకొని నడిపిచ్చింది గవర్నర్ జనరల్ తమ్ముడు ఆర్థర్ వెల్లెస్లీ.

1799 మే 4, మట్ట మధ్యాహ్నం దాటినంక కోట గోడ పలిగిన కాడికెల్లి దూరిండ్రు. ముందుండి ఉరికిచ్చింది డేవిడ్ బెయిర్డ్. పొల్లిలూర్ల టిప్పుకు దొరికి మూడేండ్లకు పైగ ఇదే ఊర్ల బేడీలతోని ఉన్నోడు. ఆ సాయంత్రం టిప్పు శవం పీనుగుల నడుమ దొరికింది. గని ఊరి పెత్తనం బెయిర్డ్‌కు ఇయ్యలే, వెల్లెస్లీకి ఇచ్చిండ్రు. బెయిర్డ్ బాగ కారాలు మిరియాలు నూరిండు. వెల్లెస్లీ మకాం పెట్టిన ఇల్లే దరియా దౌలత్. నెపోలియన్‌ను వాటర్లూల ఓడగొట్టిన వెల్లింగ్టన్ డ్యూక్ ఈయనే. పల్లకిల బెయిలీ నోట్లె వేలు పెట్టుకున్న బొమ్మను చూసుకుంట ఈ వరండాలల్ల తిరిగిండన్నట్టు.

ఇగ లాభం లెక్క. కొల్లసొమ్ముల మీర్ ఆలంకు వాటా వచ్చింది. ఆ పైసలతోనే హైదరాబాద్‌ల మీరాలం చెరువు కట్టిచ్చిండని చెప్తరు. 1804ల మొదలయి 1806ల పూర్తయిందా కట్ట. ఇరవై ఒక్క అర్ధచంద్రాలను పక్కపక్కన నిలవెట్టినట్టు ఉంటది, నీళ్ల బరువును ఒక్కో వంపు పంచుకుంటది. గండిపేట వచ్చేదాంక పట్నం తాగిన నీళ్లు దానివే. జూపార్కు పక్కనే ఉంది, మనం పిల్లలను తోల్కపోయినప్పుడల్ల దాని పక్కనుంచే పోతం.

రెండో లెక్క ఇంకా పెద్దది. 1792ల, 1799ల టిప్పు దగ్గరికెల్లి వచ్చిన జాగనంత, బళ్లారి, కడప, గుర్రంకొండ, గుత్తి అంత, నిజాం 1800ల కంపెనీకే రాసిచ్చిండు. తన దగ్గర ఉన్న కంపెనీ ఫౌజు జీతాల ఖర్చు కింద. తెచ్చుకున్నది తొమ్మిదేండ్లు గూడ నిలవలే. ఆ జాగనే దత్త మండలాలు, 1928 తర్వాత రాయలసీమ అన్నరు. తెలుగోళ్లు ఒక నూట యాభై ఏండ్లు ఇటు నిజాం కింద, అటు మద్రాసు కింద ఉన్నరంటే, ఆ గీత గీసిన చేతులల్ల ఈ లంక మీద జరిగిన లడాయి గూడ ఒకటి.

టిప్పు మంచోడా చెడ్డోడా అన్న పంచాది నేను పెట్టను, కర్ణాటకల అది రాజుకుంటనే ఉంది. 2015ల ప్రభుత్వం జయంతి మొదలువెట్టింది, 2019ల ఇంకో ప్రభుత్వం బందు చేసింది. కొడగు, మలబార్ మీద ఆయన ఫౌజు చేసింది అక్కడోళ్లు మర్వలే, మర్వాలె అనుడు గూడ న్యాయం కాదు. మహల్ పక్కపొంటి ఉన్న రంగనాథుని గుడి చెక్కు చెదరకుండ నిలవడ్డదీ నిజమే. రెండు గూడ ఒకటే మనిషి కాలంలయి. ఈ ఇల్లు చూడనీకి ఆయనను దేవుణ్ణి చేసుడు అక్కర లేదు, రాక్షసుణ్ణి చేసుడు అక్కర లేదు.

పోయేటోళ్లకు నాలుగు మాటలు. పొద్దుగాలనే పోండ్రి, పదిగంటలు దాటితే స్కూలు బస్సులు దిగుతయ్. అందరు సీదా మేడ మీది బొమ్మలు, నాణేలు చూడనీకి ఉరుకుతరు. మీరు ముందుగాల పడమటి వరండాకు పోండ్రి. కిందికెల్లి వరుస వరుస చదువుకుంట పోతే కథ తెలుస్తది. తూర్పు గోడ మీద అప్పటి రాజుల కొలువులు, చిత్రదుర్గం మదకరి నాయకుడు, మాగడి కెంపేగౌడ, కాశీ రాజు, తంజావూరు రాజు అట్ల. దాన్ని గూడ ఒక చూపు చూడండ్రి, గని లడాయి గోడంత రుచి లేదు దానికి. మేడ మీద రాబర్ట్ కెర్ పోర్టర్ గీసిన కోట ముట్టడి బొమ్మ ఉంటది, అది గెలిచినోళ్లు చెప్పిన కథ. కింద గోడ ఓడినోళ్లు గెలిచిన రోజు కథ. రెండు చూసి బయటికి వస్తే ఏరు పక్కనే ఉంటది, జరసేపు కూసోండ్రి. గుంబజ్ దిక్కు గూడ పోండ్రి. హైదర్, ఆయన భార్య, టిప్పు ముగ్గురి గోరీలు ఒక్క గుమ్మటం కింద ఉన్నయ్. లాల్‌బాగ్ ఉన్న చోటది. మహల్ పోయింది, గోరీలు మిగిలినయ్.

డ్రైవర్ మూడుసార్లు ఫోన్ చేసిండు. బండెక్కినంక మామ చానాసేపు ఏం మాట్లాడలే. మండ్య దాటినంక, "ఆ పంది బొమ్మ ఫొటో తీసినవా?" అని అడిగిండు. లేదన్న. వచ్చిన నెలకు మనుమరాలిని జూకు తీస్కపోయిండు. పులిని చూసినంక ఆ పిల్లను మీరాలం కట్ట కాడికి తోల్కపోయి, ఇరవై ఒక్క వంపులు లెక్కవెట్టిపిచ్చిండట. పిల్లకు పదిహేడే వచ్చినయట. మళ్ల మొదటికెల్లి లెక్కవెట్టిండ్రు.